లైనులో ఒకరు ఎక్కువ

ఇది ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

మా దవాఖానలో డిశ్చార్జి కౌంటరు నాది. తల దించుకుని పని చేసుకుంటూ, మధ్యమధ్య కళ్లెత్తి లైను ఎంత ఉందో చూస్తాను. అలా చూసినప్పుడు ఒక్కోసారి లైనులో ఒకరు ఎక్కువ కనిపిస్తారు. చివరన, మంచినీళ్ల ఫిల్టరు పక్కన, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి. మళ్లీ చూస్తే అక్కడ ఏ మర్కూక్ నుంచో వచ్చిన మనిషి టిఫిన్ గిన్నె పట్టుకుని నిలబడి ఉంటాడు, లేకపోతే గోడ ఒక్కటే ఉంటుంది. నేను భయపడను. ఎవరితోనూ అనను. తర్వాతి పేరు పిలవడానికి మాత్రం కొంచెం ఆలస్యం చేస్తాను.

ఆయన ఈ వానాకాలం మొదట్లో మా దవాఖానలోనే, పై అంతస్తు వార్డులో చనిపోయాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మా కౌంటరు దగ్గర పేరు పిలిస్తే మనిషి ముందుకు వస్తాడు. అందుకే.

దవాఖానలో అందరూ ఆయన్ని దారం సారు అనేవాళ్లు. ముందు వెక్కిరింతగా అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. వయసులో ఉన్నప్పుడు భివండి వెళ్లి పవర్‌లూముల మీద పనిచేశాడట. ఆ తర్వాత అక్కడే చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, ఏ పని తర్వాత ఏ పని జరగాలో చూసే మనిషిగా చాలా ఏళ్లు ఉన్నాడు. "కుట్టుడు నాకు రాదు బిడ్డా. అంగీ యాడ ఆగుతుందో చూసుడే నా పని" అనేవాడు. కాలరు దగ్గర కుప్ప పడిందా, గుండీల దగ్గర పడిందా, ఎందుకు పడింది, ఎవరి చేతిలో పని లేకుండా ఎవరి మీద కొండలా పడుతోంది, ఇదంతా చూడడం.

సిద్దిపేటకు తిరిగి వచ్చాక ఆయనే మా పెద్ద డాక్టరు సారు దగ్గరికి వెళ్లి అడిగాడని చెప్పుకుంటారు. "సారూ, మీరు పొద్దుగాల రౌండ్ల ఇంటికి పొమ్మంటరు. గా మనిషి గేటు దాటేటాలకు పొద్దుగూకుతది. గీ నడుమ ఏమైతుందో నన్ను చూడనియ్యుండ్రి." పెద్ద సారుకు మంచాలు త్వరగా ఖాళీ కావడం కావాలి. సరే అన్నాడు. మేనేజరు సారుకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆయనంటే గిట్టలేదు. "డాక్టరు కాదు, ఇంజినీరు కాదు. మన తప్పులు పట్టనీకి మగ్గం కాడ్నుంచి మనిషిని తెచ్చిండు" అని మా కౌంటరు దగ్గరే అనేవాడు, మాకు వినపడాలనే.

ఆయనకు మెట్ల కింద, పాత దుప్పట్లు పెట్టే గది ఇచ్చారు. ఆ గది గోడ మీదే ఆయన పనంతా. ఒక్కో బల్లకు ఒక్కో మేకు కొట్టాడు. వార్డుకు ఒకటి, మందుల షాపుకు ఒకటి, ల్యాబుకు, బిల్లింగుకు, నాకు. ఒక ఫైలు ఏ బల్ల నుంచి ఏ బల్లకు పోతుందో మేకుల మధ్య దారం కట్టి చూపించేవాడు. ఎర్ర దారం పైవాళ్లు చెప్పిన తోవ. నీలం దారం పని చేసేవాళ్లు చెప్పిన తోవ. తెల్ల దారం ఆయన స్వయంగా ఫైలు వెంట నడిచి చూసిన తోవ. మూడూ కలిసిపోయిన చోట ఆయనకు పని లేదు. మూడూ విడిపోయిన చోట, ఎరుపుకూ తెలుపుకూ మధ్య వేలు పెట్టి అనేవాడు, "గీ సందులనే మనుషులు నిలబడ్డరు."

ఆ గోడ ముందుకు పోయేటప్పుడు చెప్పులు విప్పేవాడు. నేను గుడిలాగా అనుకున్నాను. ఒకసారి ఆయాలు నవ్వుతూ అడిగితే, "మా నాయిన మగ్గం గుంటల దిగేటప్పుడు ఇప్పుతుండె, అలవాటు" అన్నాడు. దారం కొస నాలుకతో తడిపి, రెండు వేళ్ల మధ్య తిప్పి, ముడి కనబడకుండా అతికేవాడు. దానికి ఆయన చూడాల్సిన అవసరం కూడా లేదు. ఆ వేళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి, మనిషి కంటే స్పష్టంగా.

ఎవరిదీ తప్పు అని అనేవాడు కాదు. "గీడ జర బిగుతైంది" అనేవాడు, లేదా "గీడ వదులైంది" అనేవాడు. ఎవరు ఏం చెప్పినా విని, తల ఊపి, చివర్లో ఒకటే అడిగేవాడు: "నువ్వు చూసినవా, నీకు చెప్పిన్రా?" అటెండరునైనా, పెద్ద డాక్టరు సారునైనా అదే గొంతుతో. చెప్పారు అంటే నీలం దారం. చూశాను అంటే, "అయితే నడువు, నాకు గూడ చూపియ్యి."

నేను కీబోర్డు కింద లైబ్రరీ పుస్తకం దాచుకుని, మనుషులు లేనప్పుడు చదువుకుంటాను. ఎవరూ గమనించలేదనుకునేదాన్ని. ఒకరోజు కిటికీలోంచి వంగి, "ఆఖరి పేజీ ముందు చూస్తవా, మొదటి కాన్నుంచి పోతవా?" అని అడిగాడు. నాకు ముఖం వేడెక్కిపోయింది. మొదటి నుంచే అన్నాను. "నేనైతే ఆఖర్నుంచి ఎనకకు వస్త. గేటు దాటిన మనిషిని పట్టుకొని, నువ్వు గీడికెట్ల వచ్చినవే అని అడుక్కుంట పోవాలె. ముందటి నుంచి పోతే అందరు మంచిగనే చెప్తరు."

బుట్ట సంగతి చెప్పకుండా ఉండలేను. వార్డు ఆయమ్మ పైనుంచి ఫైళ్లు తెచ్చేది. లిఫ్టు రోగులకే. మోకాళ్ల నొప్పితో ఒక్కో ఫైలుకు ఒక్కోసారి దిగలేక, చేతి నిండా అయ్యేదాకా ఆగేది. దాంతో అందరికంటే ముందు ఇంటికి పోవాల్సిన మనిషి అందరికంటే చివరి మనిషి కోసం మంచం మీదే కూర్చునేవాడు. ఇది ఎవరి ఎర్ర దారంలోనూ లేదు. దారం సారు కనిపెట్టి, మెట్ల మధ్య ఖాళీలోంచి తాడు కట్టి వెదురు బుట్ట దింపాలన్నాడు.

మేనేజరు సారు మండిపడ్డాడు. "ఏందయ్యా, గిది దవాఖాన అనుకుంటున్నవా, కూరగాయల దుకాణం అనుకుంటున్నవా?"

"మా ఇంట్ల పైనుంచి బుట్ట దింపితే మిర్పకాయలు గూడ కరెక్టుగనే వస్తయి సారు. కాయితాలెందుకు రావు?"

పెద్ద సారు నవ్వి ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి పైనుంచి నర్సు "బుట్టొస్తుందీ" అని అరవడం, ఫైళ్లు నా నెత్తి పక్కనుంచి దిగడం. ఇప్పటికీ అదే పద్ధతి. లైనులో పిల్లలుంటే ఆ బుట్ట కోసమే చూస్తుంటారు.

కానీ బుట్టలో వేయకూడని ఫైలు ఒకటి ఉందని కూడా ఆయనే చెప్పాడు. నేను రాయాలనుకున్నది అసలు దాని గురించే.

మా కంప్యూటరుకు ఒక్క తోవే తెలుసు, మనిషి నయమై ఇంటికి పోయే తోవ. చనిపోయిన మనిషి కూడా ఆ తోవలోనే పోవాలి. ఆ ఫైలు కూడా మందుల షాపుకు, ల్యాబుకు, ఏం తినాలో చెప్పే డైటు మేడం దగ్గరికి, కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పే ఫిజియో దగ్గరికి పోయి, అందరి సంతకాలూ పెట్టించుకుని నా దగ్గరికి వచ్చేది. చివరన నేను నింపాల్సిన గడి ఒకటి: మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ. అది ఖాళీగా ఉంటే కాగితం బయటికి రాదు. నేను చేరినప్పుడు పక్క కౌంటరు అమ్మాయి నాకు నేర్పింది, "ఏదో ఒక తేది కొట్టు, ముందుకు పోతది."

ఒకరోజు కొండపాక అవతలి ఊరి నుంచి తెచ్చిన గీత కార్మికుడు పొద్దున్నే చనిపోయాడు. తాడిచెట్టు మీద నుంచి పడ్డాడు. భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. తమ్ముడు నా కిటికీ ముందు నిలబడ్డాడు. అతని వెనక దారం సారు కూడా తనెవరో పేషెంటు తాలూకు మనిషి అయినట్టు సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేడం, ఇంకెంత సేపు?" అన్నాడు తమ్ముడు. "గాడ మా వాడకట్టంత పొయ్యి ముట్టియ్యకుంట కూసున్నరు. పిల్లలు గూడ ఏం తినలే."

శవం లేచేదాకా వాడలో పొయ్యి వెలిగించరు. నాకు తెలియనిది కాదు, మా ఊళ్లోనూ అంతే. "ఫైలు ఇంక రాలేదన్నా" అన్నాను.

"యాడ ఉంది మేడం?"

"డైటు మేడం దగ్గర."

"గామె ఏం జేస్తది?"

"ఏం తినాల్నో చెప్తరు" అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది.

అతను కోపం చేసుకోలేదు. "ఎవరికి?" అని మాత్రం అడిగాడు. నిజంగా తెలియక అడిగినట్టు.

చాలాసేపటికి ఫైలు వచ్చింది. గడి నింపాను, కాగితం వచ్చింది, అతను తీసుకుని పరుగున వెళ్లాడు. దారం సారు అక్కడే ఉన్నాడు.

"గా ఆఖరికి ఏందో కొట్టినవ్, ఏంది బిడ్డా అది?"

"తేది సార్. మల్ల రావాల్సిన తేది."

"ఎవరు రావాల్సిన తేది?"

నేను తల దించుకున్నాను. "ఖాళీ పెడితే ముందుకు పోదు సార్."

"ఎవరు పోరు?"

"కంప్యూటర్ సార్."

"ఏ తేది కొట్టినవ్?"

"వచ్చే సోమవారం."

"సోమారమే ఎందుకు?"

"గా డాక్టరు సారు సోమవారమే ఓపీ చూస్తరు."

"మంచిగనే ఆలోచించినవ్ బిడ్డా" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు నన్ను గోడ దగ్గరికి పిలిచాడు. తెల్ల దారం కొస పట్టుకోమని నా చేతికిచ్చి, ఆయన దాన్ని మేకుల మధ్య తిప్పుతూ, వీపు నావైపు పెట్టి మాట్లాడాడు.

"తేది ముందు దినం ఫోన్ల మెసేజ్ పోతది, ఎరికేనా?"

తెలియదన్నాను. మెసేజులు ఇంటివాళ్లకు పోతాయి, మా కౌంటరుకు కాదు.

"మా ఇంటామె గూడ ఈడనే పోయింది. నువ్వు అప్పటికి పనిల చేరలే. పెద్దకర్మ అయిన తెల్లారి నా ఫోన్ల వచ్చింది. రేపు చూపిచ్చుకోను రమ్మని. ఆమె పేరు రాసి గారు అని గూడ వెట్టిన్రు. బతికినన్ని దినాలు ఆమెను ఎవ్వలు గారు అనలే."

నేను దారం గట్టిగా పట్టుకున్నాను. "మరి మీరేం జేసిన్రు సార్?" అన్నాను.

"వచ్చిన."

దారం ఒక మేకు చుట్టూ తిరిగింది.

"తానం జేసి, ఫైలు సంచిల వెట్టుకొని వచ్చిన. రమ్మన్నరు గద. లైన్ల నిలబడ్డ. నిలబడ్డంత సేపు మంచిగనే ఉండె బిడ్డా. ఎప్పటి తీర్గ చూపిచ్చుకోను వచ్చినట్టే ఉండె. ఎనక బల్ల మీద కూసున్నదేమో అనిపిచ్చింది. కౌంటర్ కాడికి వచ్చినంక, పేషెంటు ఏరి అని అడిగింది గా పిల్ల. గప్పుడు ఆమె మల్ల పోయింది."

నా చేతిలోంచి కొస తీసుకుని తడిపి అతికాడు. ఆ గోడ మీద చనిపోయినవాళ్ల తోవ కోసం మేకులు కొడుతున్నాడని నాకప్పుడు అర్థమైంది. ఆయనకు పెద్ద సారు అప్పగించిన పని బతికినవాళ్లది. ఆయన ఇక్కడికి వచ్చింది దీనికోసం.

పెద్ద సారు, మేనేజరు సారు ఆ గదికి వచ్చిన రోజు దారం సారు నన్నూ రమ్మన్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. దారాలు చూసి పెద్ద సారు చాలా సంతోషించాడు. బుట్ట వచ్చాక మంచాలు ఎంత త్వరగా ఖాళీ అవుతున్నాయో ఆయనకు కనిపిస్తూనే ఉంది. అప్పుడు మేనేజరు సారు, మిగతా మేకులన్నిటికీ దూరంగా, కిటికీ పక్కన గోడ మూలకు కొట్టిన ఒక మేకు చూపించాడు.

"గదేంది? గోడ పాడుజేసుడా?"

"గది కొండపాక అవతల ఊరు సారు."

"ఊరా? మన ప్రాసెస్ గేటు కాడ అయిపోతది గదయ్యా!"

"మీది గేటు కాడ అయిపోతది సారు. గాళ్లది కాదు. గాడ పొయ్యి ముట్టియ్యకుంట కూసుంటరు." తెల్ల దారం ఆ మేకు దాకా లాగి కట్టి ఉంది. "సచ్చినోనికి వేరే తోవ కావాలె. డాక్టరు సంతకం, గాన్నుంచి సీదా బిడ్డ కౌంటరు. మందుల షాపు, ల్యాబు, గవన్ని మనిషి పోయినంక తిరగనీ. కాయితాలకు తొందరేముంది?"

"డెత్ కేసులు మన దగ్గర గంట లోపలనే అయిపోతయి" అన్నాడు మేనేజరు సారు పెద్ద సారుతో. "గీయన ఉన్నదానికి లేనిదానికి దారాలు కడుతుండు. వేరే తోవ అని బోర్డు వెడితే, ఈడ గింతమంది సస్తరా అనుకుంటది పబ్లిక్."

పెద్ద సారు దారం సారు వైపు చూశాడు. ఆయన వాదిస్తాడనుకున్నాను. తన తెల్ల దారం చూపిస్తాడనుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"నేను చూసింది వద్దు సారు. రోజు చూసే బిడ్డ ఉంది. ఆమె చెప్తది."

నాకు నలుగురిలో మాట రాదు. పెళ్లిళ్లలో కూడా వంటగదిలోనే కూర్చునే మనిషిని. తలుపు గొళ్లెం పట్టుకున్నాను. అది చల్లగా ఉందని గుర్తుంది.

"చనిపోయినోళ్లకు గూడ తేది వేస్తం సార్" అన్నాను.

"ఏం తేదీ?" అన్నాడు పెద్ద సారు.

"మల్ల చూపిచ్చుకోను రావాల్సిన తేది. వెయ్యకపోతే కాయితం రాదు. దానికి ముందు దినం ఇంటికి మెసేజ్ పోతది సార్, రేపు రమ్మని."

"ఎప్పుడన్నా పొరపాటున పోయిందా?"

"లేదు సార్. అందరికి పోతది."

పెద్ద సారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన చేతుల మీదుగా పోయినవాళ్లు గుర్తొచ్చి ఉంటారు. "చెయ్యండి" అన్నాడు. అంతే అని వెళ్లిపోయాడు.

మేనేజరు సారు నన్ను దాటి పోతూ ఆగాడు. "నోరు లేదనుకుంటిమి. బాగనే ఉన్నదే!" ఆ మాట నాకు చాలా రోజులు మంటగా ఉండేది. దారం సారుకు మాత్రం నవ్వొచ్చింది. "పోనీ బిడ్డా, గాయనకు గూడ ఇయ్యాల్నే తెలిసింది."

కొత్త తోవ మొదలైంది. ఇంటివాళ్లు మెట్ల మీద కాకుండా కూర్చోవడానికి దుప్పట్ల గదిలోనే సగం ఖాళీ చేసి రెండు బెంచీలు వేశారు. ఆ ఫైలు బుట్టలో రాకూడదు, మనిషే చేత్తో తేవాలి అన్నాడు ఆయన. మోకాళ్ల నొప్పి ఆయమ్మ దీనికి మాత్రం విసుక్కోకుండా దిగేది.

తేదీ గడి మాత్రం పోలేదు. దాన్ని తీయాల్సింది హైదరాబాదులో కంప్యూటరు పని చేసిచ్చినవాళ్లు. రేపు, ఎల్లుండి అంటూ జరుపుతున్నారు. ఈలోగా ఏం చేయాలి? పక్క కౌంటరు అమ్మాయి, "అందనంత దూరం తేది కొట్టేద్దాం సార్, అప్పటికి ఎవ్వలకు యాదుంటది?" అంది.

ఆయన ఒప్పుకోలేదు. "ఎప్పటికో అప్పటికి పోతది గద. ఇంట్ల పిల్లగాళ్లు పెద్దగయి, జర మర్సిపోయినంక వస్తది. గది ఇంక ఖరాబు."

చివరికి ఆయనే ఒక పద్ధతి చెప్పాడు. ఫోను నంబరు గడిలో ఇంటివాళ్ల నంబరు తీసి, మా కౌంటరులోని చిన్న బటన్ల ఫోను నంబరు పెట్టాలి. మెసేజు వాళ్లకు పోకుండా మాకే వస్తుంది.

అలాగే చేశాం. వారం తిరిగేసరికి ఫోను టింగుమంది. ఫలానా వారికి నమస్కారం, రేపు మీ చెకప్, తప్పక రాగలరు. పక్క అమ్మాయి ఫోను నా వైపు తోసేసింది. "నాతోని కాదే, నాకు భయమైతది. నువ్వే తీసెయ్."

తీసేయబోతుంటే దారం సారు కిటికీ అవతల ఉన్నాడు. "తీసెయ్యి. కాని సదివి తీసెయ్యి బిడ్డా. ఎవరో ఒకరం సదవాలె గద."

అప్పటి నుంచి అది నా పని అయింది. టింగుమన్నప్పుడల్లా పేరు మెల్లగా పైకి చదివి తీసేసేదాన్ని. కొన్ని పేర్లకు ముఖాలు గుర్తొచ్చేవి, కొన్నింటికి వాళ్ల ఇంటివాళ్ల చేతులు. కాగితం అందుకున్న చేతులు. వర్గల్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, దుబ్బాక దారిలో బండి గుద్దిన ఒక పిల్లవాడు. పొద్దున వస్తూనే దారం సారు అడిగేవాడు, "ఇయ్యాల ఎవరన్న వచ్చిన్రా?" వచ్చారని చెప్తే పేరు అడిగి, తల ఊపి, మెట్ల కిందికి పోయేవాడు. బస్సులో ఇంటికి పోతూ పుస్తకం తెరిస్తే అక్షరాల మధ్య ఆ పేర్లు కనిపించేవి. అయినా ఆ పని ఇంకెవరికైనా ఇస్తామంటే నేను ఇచ్చేదాన్ని కాదు.

ఆయనకు దగ్గు మొదటి నుంచీ ఉంది. "భివండి దూది ఇంక లోపలనే ఉన్నది, కిరాయి కడతలేదు" అని నవ్వేవాడు. ఎండాకాలం చివర నవ్వడం తగ్గింది. వానలు మొదలవుతుండగా వార్డులో చేర్చారు. మంచం మీద నుంచి కూడా చూస్తూనే ఉన్నాడు. సెలైన్ అయిపోయి బెల్లు కొడితే సిస్టరు ఎటునుంచి వస్తుందో, ఏ మంచం దగ్గర ముందు ఆగుతుందో. దుప్పటి మీద వేలితో గీతలు గీసేవాడని నర్సులు చెప్పుకునేవాళ్లు.

ఆయన ఫైలు ఆయమ్మ చేత్తో పట్టుకుని దిగింది. ఎవరిదని నేను అడగలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను పేరు కొట్టాను, ఊరు కొట్టాను, డాక్టరు సంతకం చూశాను. చివరన తేదీ గడి ఉండే చోట ఏమీ లేదు. తెల్లగా ఉంది. కాగితం దానంతట అది వచ్చింది. ఆయన కూతురు లోపల బెంచీ మీద నుంచి లేచి వచ్చి తీసుకుంది. పొద్దెక్కకముందే బండి గేటు దాటింది. గేటు దాకా నేనూ వెళ్లాను. బండి మలుపు తిరిగేదాకా చూశాను.

అంత త్వరగా ఎవరూ పోలేదు, అంతకుముందు. నేను చూశాను. ఆ చూసిన సంగతి చెప్పాల్సిన మనిషి ఒక్కడే.

ఆయన పోవడానికి ముందు రోజు మధ్యాహ్నం, అన్నం డబ్బా తెరవకుండా పైకి వెళ్లాను. ఆ పొద్దున్నే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఆయనకు నేనే ముందు చెప్పాలనుకున్నాను. అంత ఆత్రంగా ఎవరికైనా ఏదైనా చెప్పడానికి పోవడం నాకు కొత్త. మంచం పక్కన నిలబడితే ఆయన కళ్లు తెరిచాడు. ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు.

"సార్, తేది గడి తీసేసిన్రు" అన్నాను. "పొద్దుగాల ఫోన్ చేసిన్రు. చనిపోయినోళ్లకు ఇగ అడగదట."

ఆయన మాస్కు కిందికి లాగాడు. సిస్టరు చూస్తుందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.

"నువ్వు చూసినవా, నీకు చెప్పిన్రా?"

"చెప్పిన్రు సార్. చూడాలంటే..." అని ఆగిపోయాను. చూడాలంటే ఒక ఫైలు రావాలి. అప్పటి నుంచి ఎవరిదీ రాలేదు.

నేనెందుకు ఆగానో ఆయనకు తెలిసింది. నా ముఖంలో ఏం కనబడిందో, చెయ్యి చాపి నా మణికట్టు మీద రెండు వేళ్లు వేశాడు. వేళ్లు చల్లగా, తేలికగా ఉన్నాయి. మరో చేత్తో మాస్కు పైకి జరుపుకుంటూ, దాని వెనక నుంచే అన్నాడు:

"తొందరేం లేదు బిడ్డా. చూసినంక చెప్పు."